కిలో చెత్తలో కరెంటెంత, నీళ్లెన్ని

హన్మకొండలో పొద్దున్నే గల్లీకొచ్చే చెత్త బండిలోంచి ఒక కిలో తీసి, ఏమీ ఏరకుండా ఉన్నదున్నట్టు విడదీసి చూద్దాం. సగానికి అటూ ఇటూగా నీళ్లే ఉంటాయి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పారబోసిన చారు, వాడిన పూలు, వాటి పక్కన పడి తడిసిన కాగితం. ఇంకో 200 గ్రాములు మన్ను, ఇసుక, గాజు, పెంకులు, మోరీలోంచి ఎత్తిన పూడిక. పోగా మంటకు పనికొచ్చేది దాదాపు 300 గ్రాములు.

ఎండిన కాగితం, గుడ్డ, ప్లాస్టిక్, పుల్లలు కలగలిపి కిలోకు 4,500 కిలో క్యాలరీల వేడి ఇస్తాయనుకుంటే 300 గ్రాములకు 1,350 వస్తుంది. అందులోంచి నీళ్ల బాకీ తీర్చాలి. లీటరు నీటిని మరిగించి ఆవిరి చేయడానికి 600 కిలో క్యాలరీల పైనే కావాలి కాబట్టి అర లీటరుకు 300 పోతాయి. చేతిలో మిగిలేది 1,050. డీజిల్ సాయం లేకుండా బాయిలర్‌లో మంట నిలబడాలంటే కిలోకు 1,400 నుంచి 1,700 కిలో క్యాలరీలు ఉండాలి. అంటే ఈ కిలో తనను తాను కూడా కాల్చుకోలేదు.

ఇప్పుడు ఇంట్లోనే తడి, పొడి వేరు చేసి, మోరీ పూడికను బండిలో కలపకుండా తెచ్చిన కిలో తీసుకుందాం. నీళ్లు 250 గ్రాములు, మన్ను 100, మండేది 650. వేడి 2,925, నీళ్ల బాకీ 150, మిగిలేది 2,775. బాయిలర్‌ను, టర్బైన్‌ను ముట్టుకోకుండానే చెత్త విలువ రెండున్నర రెట్లు దాటింది. చెత్త నుంచి కరెంటు అనగానే కళ్ల ముందు పొగగొట్టం, టర్బైన్ కదులుతాయి కానీ, లెక్క తేలేది ఇంటి గుమ్మం దగ్గర.

ఈ లెక్క మరిచిపోతే ఏమవుతుందో దేశం ఎప్పుడో చూసింది. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నుల చెత్త కాల్చే ప్లాంటు కట్టారు. యంత్రాలకు కావలసిన వేడిలో సగం కూడా అక్కడి చెత్తలో లేదు. 21 రోజులు నడిచి ఆగింది. యూరప్ చెత్తలో అట్ట డబ్బాలు, ప్యాకింగ్ సామాను ఎక్కువ, మన చెత్తలో వంటిల్లు ఎక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో షాద్‌నగర్ దగ్గర, విజయవాడలో వచ్చిన ప్లాంట్లు చెత్తను నేరుగా కాల్చకుండా ముందు ఇంధనంగా మార్చి, వరి ఊకలాంటివి తోడు చేసుకుని నడిచాయి. చెత్తకు పంట వ్యర్థాలు జత కలపాలన్న ఆలోచన ఆనాటిదే.

ఆర్‌డీఎఫ్ ఎట్లా తయారవుతుంది

చెత్తలోంచి తీసిన ఇంధనాన్ని ఆర్‌డీఎఫ్ అంటారు. మడికొండ దగ్గరి రాంపూర్ యార్డు లాంటి చోట ఈ లైను పెడితే వరుస ఇట్లా ఉంటుంది. బండ్లు వచ్చి సిమెంటు గచ్చు మీద, రేకుల కప్పు కింద చెత్త దింపుతాయి. కప్పు లేకపోతే జూలైలో ఆ లైనును మూసేసుకోవచ్చు. మనుషులు పెద్ద వస్తువులు ఏరేస్తారు: టైర్లు, పరుపులు, బండరాళ్లు, గ్యాస్ లైటర్లు, సెంటు డబ్బాలు. తర్వాత సంచులు చింపే యంత్రం, దాని తర్వాత ట్రామెల్. చిల్లులున్న పెద్ద ఇనుప డోలు తిరుగుతుంటే 80 నుంచి 100 మిల్లీమీటర్ల కంటే చిన్నవన్నీ కిందికి రాలిపోతాయి. తడి ముద్ద, మన్ను ఎక్కువగా అక్కడే దిగి ఎరువుకు పోతాయి. పైన మిగిలిన పొడి సరుకు మీదుగా అయస్కాంతం ఇనుమును లాగేస్తుంది. ఆపైన గాలి ఊది బరువైన రాళ్లను, గాజును కిందికి, తేలికైన కాగితం, కవర్లను ముందుకు పంపుతారు. చివర ష్రెడ్డర్ దాన్ని 50 మిల్లీమీటర్ల ముక్కలు చేస్తే, బేలర్ కట్టలు కడుతుంది.

కాగితం మీద ఇది తేలికే. లైను ఆగేది మాత్రం చీరల దగ్గర. పాత చీర, నైలాన్ తాడు, చేపల వల, వీడియో టేపు, ఇట్లాంటి పొడుగాటివి ట్రామెల్ ఇరుసుకు, ష్రెడ్డర్ షాఫ్టుకు చుట్టుకుని జడలా అల్లుకుంటాయి. బేరింగ్ వేడెక్కుతుంది, మోటారు ట్రిప్ అవుతుంది. కరెంటు తీసి, ఆక్సా బ్లేడుతో కోసి తీయడానికి గంటన్నర. ఎండాకాలంలో దీనికి కొబ్బరి బోండాల పీచు తోడవుతుంది. అందుకే నడిపించడం తెలిసినవాళ్లు ష్రెడ్డర్ ముందు ఏరే బెల్టు మీద ఇద్దరు మనుషుల్ని గుడ్డకు, తాడుకే పెడతారు. వాళ్ల కూలి కంటే షాఫ్టు ఖర్చు ఎక్కువ.

రెండో శత్రువు ఇసుక. రోడ్డు ఊడ్చిన దుమ్ము, మోరీ పూడిక ఇంటి చెత్త బండిలోనే పడితే ష్రెడ్డర్ బ్లేడ్లు వారాల్లో మొద్దుబారతాయి. ఆ ఇసుకే బాయిలర్‌లోకి పోయి బూడిదై, కరిగి గట్టి గడ్డలుగా గ్రేటుకు, అంటే మంట కింది ఇనుప జల్లెడకు అంటుకుంటుంది. మోరీ పూడికకు వేరే ట్రాక్టర్ పెట్టడం అన్నిటికంటే చవకైన బాగుచేత. అయినా టెండర్లలో అది చివరికి కూడా రాదు.

తయారైన ఇంధనానికి కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2018లో తరగతులు పెట్టింది. అడుగు మెట్టులో తేమ 35 శాతం లోపు, బూడిద 20 శాతం లోపు, వేడి 1,500 కిలో క్యాలరీల పైన ఉంటే చాలు. దాని పైమెట్టు మూడో గ్రేడు: తేమ 20, బూడిద 15 శాతం లోపు, వేడి 3,000 పైన. ఒకటో గ్రేడుకు తేమ, బూడిద రెండూ 10 శాతం లోపు, వేడి 4,500 దాటాలి. మన ఊళ్ల కలగలుపు చెత్తతో ఒకటో గ్రేడు కల. మూడో గ్రేడు నిలకడగా తీయగలిగితే గొప్ప. అంతకుముందే, 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు కిలోకు 1,500 కిలో క్యాలరీలకు మించిన, మళ్లీ వాడుకోలేని సరుకును గుంతల్లో పూడ్చవద్దన్నాయి. ఆర్‌డీఎఫ్ ప్లాంటుకు 100 కిలోమీటర్ల లోపు ఉండి ఇంధనం కాల్చే పరిశ్రమలు తమ అవసరంలో కనీసం 5 శాతం దీంతో తీర్చుకోవాలని కూడా చెప్పాయి.

నిల్వ సంగతి ఒకటి. కట్టలు కట్టి పేర్చిన ఆర్‌డీఎఫ్ లోపల తేమ మిగిలి ఉంటే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి, కట్ట నడుమ వేడి పెరుగుతుంది, ఒకనాడు దానంతట అదే రాజుకుంటుంది. గడ్డివాము తడిగా వేస్తే లోపల కాలిపోవడం తెలిసిన రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. గుట్టలు చిన్నవిగా, మధ్య ఫైరింజన్ పట్టేంత దారితో వేయాలి. ముందొచ్చింది ముందు పోవాలి.

ఫ్లెక్సీ చేసే చేటు

తేమ, మన్ను తర్వాత మూడో గండం క్లోరిన్. ఇది కంటికి కనపడదు కాబట్టి ఎక్కువ మోసం చేస్తుంది. పీవీసీ ప్లాస్టిక్ బరువులో సగానికి పైగా, దాదాపు 57 శాతం క్లోరినే. చౌరస్తాల్లో కట్టే ఫ్లెక్సీ బ్యానర్లు, పాత పైపు ముక్కలు, వైరు తొడుగులు, చవక చెప్పులు అన్నీ ఆ జాతే. నూరు కిలోల ఆర్‌డీఎఫ్‌లో 2 కిలోల పీవీసీ పడితే క్లోరిన్ 1 శాతం దాటుతుంది, అడుగు మెట్టు గ్రేడు కూడా తప్పుతుంది. ఎన్నికలైన మర్నాటి ఫ్లెక్సీల లోడు వేడి లెక్కలో బాగుంటుంది, బాయిలర్‌కు మాత్రం విషం.

కారణం ఇది. మంటలో క్లోరిన్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా, లవణాలుగా మారి ఆవిరి గొట్టాల మీద పేరుకుంటుంది. గొట్టం ఎంత వేడిగా ఉంటే అంత త్వరగా ఇనుమును తింటుంది. అందుకే చెత్త బాయిలర్లలో ఆవిరిని సుమారు 400 డిగ్రీల దగ్గరే ఆపుతారు. బొగ్గు ప్లాంటులో అదే 540 డిగ్రీల దాకా పోతుంది. ఆవిరి వేడి తగ్గితే టర్బైన్ నుంచి వచ్చే కరెంటు తగ్గుతుంది. చెత్త ప్లాంట్ల సామర్థ్యం, అంటే వేడిలో కరెంటుగా మారే పాలు, 20 శాతం చుట్టూ తిరగడానికి, పెద్ద బొగ్గు యూనిట్లది 35 శాతం దాటడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ప్లాంటు చిన్నది కావడం రెండోది.

డయాక్సిన్లనే విషపదార్థాలకు కూడా క్లోరినే ముడిసరుకు. పొగను 850 డిగ్రీల పైన కనీసం 2 సెకన్లు నిలిపితే అవి విరిగిపోతాయి. కానీ తర్వాత పొగ చల్లారుతూ 450 నుంచి 200 డిగ్రీల మధ్య నెమ్మదిగా దిగితే మళ్లీ పుడతాయి. కాబట్టి ఆ మెట్టును గబగబా దాటించాలి, ఆపైన సున్నం, ఉత్తేజిత బొగ్గుపొడి చల్లి, సంచి ఫిల్టర్ల గుండా పంపాలి. పొగగొట్టం దగ్గర డయాక్సిన్ల పరిమితి ఘనమీటరుకు 0.1 నానోగ్రాము. తడి లోడు పడ్డప్పుడల్లా మంట వేడి పడిపోతుంది, అంటే పొగ విషమయ్యే గంటలు కూడా తడి చెత్త చేతిలోనే ఉన్నాయి. ఫిల్టర్లలో పట్టిన సన్న బూడిదలో భార లోహాలుంటాయి. దాన్ని ఇటుకల బట్టీకి అమ్మకూడదు, ప్రమాదకర వ్యర్థాల గుంతకే పంపాలి.

వరంగల్‌కు సొంత ప్లాంటు గిట్టుబాటవుతుందా

చేతి లెక్క వేద్దాం. వంద టన్నుల కలగలుపు చెత్తలోంచి ఆర్‌డీఎఫ్‌గా నిలిచేది 20 టన్నుల దాకా. కిలోకు 2,800 కిలో క్యాలరీలు, సామర్థ్యం 20 శాతం అనుకుంటే, ఒక యూనిట్ 860 కిలో క్యాలరీలకు సమానం కాబట్టి, రోజుకు 13,000 యూనిట్లు వస్తాయి. రోజంతా నడిచే ప్లాంటుగా చూస్తే అర మెగావాట్ చిల్లర. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020లో మొదలైన 19.8 మెగావాట్ల ప్లాంటు, తర్వాత 24 మెగావాట్లకు పెరిగింది, నిలబడ్డదంటే వెనకాల మహానగరం చెత్త మొత్తం ఉంది. రోజుకు కొన్ని వందల టన్నులొచ్చే ఊరికి ఒకటి రెండు మెగావాట్ల బాయిలర్ పెడితే, పొగ శుద్ధి పరికరాల ఖర్చు మాత్రం పెద్ద ప్లాంటుకు ఏమాత్రం తీసిపోదు. 2016 టారిఫ్ విధానం ప్రకారం చెత్త కరెంటు ఎంత ఉంటే అంత డిస్కంలు కొనాల్సిందే. కానీ సౌర విద్యుత్తు కంటే రెట్టింపు పైనే పడే ఆ ధర చివరికి జనం బిల్లుల్లోనే తేలుతుంది.

అంతకంటే మంచి దారి పక్కనే ఉంది. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో, మంచిర్యాల జిల్లా దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సిమెంటు బట్టీలో సరుకు 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, బూడిద క్లింకర్‌లోనే, అంటే సిమెంటుగా నూరే గడ్డల్లోనే కలిసిపోతుంది, పారేయడానికి ఏమీ మిగలదు. ఇక్కడ ఆర్‌డీఎఫ్ నేరుగా కరెంటు ఇవ్వదు, అది మిగిల్చిన బొగ్గు ఇస్తుంది. ఫలితం ఒకటే. బట్టీకీ క్లోరిన్ పడదు. సరుకును బట్టీకి ముందే వేడి చేసే ప్రీహీటర్ సైక్లోన్లలో లవణాలు పేరుకుని దారి మూసుకుపోతుంది, బట్టీ ఆపి పొడవాల్సి వస్తుంది. అందుకే ఫ్యాక్టరీవాళ్లు లోడు ల్యాబుకు పంపాకే దింపుకుంటారు, తప్పితే లారీ తిప్పి పంపుతారు. పాత చెత్త గుట్టలు తవ్వి జల్లెడ పట్టగా వచ్చే ప్లాస్టిక్‌కు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి మట్టిలో నాని, ప్రతి కవరుకూ పూత పూసినట్టు మన్ను అంటుకుని ఉంటుంది. పైకి కవర్ల కట్టలా కనపడేది కాల్చి చూస్తే మూడో వంతు దాకా బూడిదే. వర్షాకాలంలో జల్లెడ పడితే చిల్లులు మూసుకుపోతాయి కాబట్టి ఆ పని డిసెంబర్ నుంచి మే దాకానే సాగుతుంది.

అడవిలో రాలింది ఎవరిది

ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల దారుల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టేకు, మోదుగ, మద్ది ఆకు మోకాలెత్తున పరుచుకుంటుంది. దాన్ని చూసి ఇంత సరుకు వృథాగా మంటల పాలవుతోందే అనిపించడం సహజం. రెండు సంగతులు అడ్డం వస్తాయి.

మొదటిది చట్టం. 2000 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లోంచి చచ్చిన, పడిపోయిన చెట్లను, గడ్డిని కూడా తీయవద్దని ఆదేశించింది. ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్, ప్రాణహిత అన్నీ ఆ కిందికే వస్తాయి. అక్కడ రాలిన ఆకు అడవిదే. మిగతా రిజర్వు అడవుల్లో కూడా గ్రామసభ, అటవీశాఖ అనుమతి, రవాణా పర్మిట్ లేనిదే లారీ కదలదు. అది వేధింపు అనుకోనక్కర్లేదు. కుళ్లి మట్టిలో కలిసే ఆకే ఆ నేలకు ఎరువు. ఏటా ఊడ్చేస్తే పదేళ్లలో తేడా చెట్ల మీద కనపడుతుంది.

రెండోది బరువు. ఎండుటాకు ఘనమీటరుకు 50 నుంచి 80 కిలోలే తూగుతుంది. ట్రాక్టర్ ట్రాలీకి తడకలు కట్టి 8 ఘనమీటర్లు నింపినా అర టన్నుకు అటూ ఇటూగానే ఉంటుంది. అదే ట్రాలీ కింది భాగంలో పెల్లెట్లు, అంటే పొడిని ఒత్తి చేసిన ఇంధన గుళికలు పోస్తే రెండు టన్నుల పైనే. ఆకును లూజుగా 20 కిలోమీటర్లు తోలితే డీజిల్ దాని విలువను మింగేస్తుంది. పైగా నేల మీంచి ఊడ్చిన ఆకులో సన్న ఇసుక వస్తుంది. ఇసుక పెల్లెట్ యంత్రంలో డై, అంటే గుళికలను ఒత్తి తీసే ఇనుప అచ్చు చిల్లులను అరగదీస్తుంది, బాయిలర్‌లో బూడిద పెంచుతుంది.

కాబట్టి అడవి పేరుతో నిజంగా అందేవి వేరు. మంటలు పాకకుండా ఫైర్ లైన్ల మీద ఎట్లాగూ ఊడ్చి కాల్చేసే ఆకు, అటవీ అభివృద్ధి సంస్థ జామాయిల్ తోటలు నరికాక మిగిలే కొమ్మా రెమ్మా బెరడు, కలప డిపోల చెక్కలు, కోత మిల్లుల రంపపు పొట్టు, చెరువు శిఖాల్లో పెరిగిన సర్కారు తుమ్మ. కట్టె జాతిలో బూడిద 1 నుంచి 3 శాతం, ఆకులో దానికి కొన్ని రెట్లు. రెండేళ్లకోసారి మేడారం జాతర ముగిశాక గుడారాల వెదురు, పందిరి గుంజలు, అట్టలు గుట్టలుగా మిగులుతాయి. వాటిని కోడి ఈకలు, సీసాలు, తడి మట్టితో కలిపి ఒకే డోజరుతో నెట్టకుండా మూడో రోజే విడిగా ఎత్తితే మంచి ఇంధనం. కలిపి నెట్టాక ఇక అది చెత్తే.

పత్తి కట్టె అసలు గని

ఉత్తర తెలంగాణలో పొయ్యిలోకి సిద్ధంగా ఉన్న సరుకు పత్తి చేలల్లో ఉంది. ఎకరాకు సుమారు టన్ను ఎండు కట్టె వస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో పీకి గట్టు మీద వేసి తగలబెట్టడం రివాజు. గట్టు మీదే వచ్చే ఏటి దాకా నిల్వ ఉంచితే గులాబీ రంగు పురుగు అందులోనే తలదాచుకుని మళ్లీ పంట మీదికొస్తుంది. అంటే ఈ కట్టెను ముక్కలు చేసి తరలించడం ఇంధనానికే కాదు, పత్తికీ మేలు. పెల్లెట్ పెట్టేవాళ్లు కూడా ఇది మనసులో పెట్టుకోవాలి. కట్టెను మోపులుగా గోదాములో నెలల తరబడి దాస్తే చుట్టుపక్కల చేలకు పురుగును పెంచి ఇచ్చినట్టే.

పద్ధతి ఇట్లా ఉంటుంది. వేరు మట్టి దులిపి, ట్రాక్టర్‌కు తగిలించే చిప్పర్‌తో చేనులోనే ముక్కలు చేయాలి. పీకినప్పుడు 30 నుంచి 50 శాతం దాకా ఉండే తేమ కల్లంలో వారం ఎండితే 15 శాతానికి దిగుతుంది. తర్వాత హామర్ మిల్లు 6 నుంచి 8 మిల్లీమీటర్ల జల్లెడతో పొడి చేస్తుంది. పెల్లెట్ యంత్రంలోకి పోయే పొడి తేమ 10 నుంచి 12 శాతం ఉండాలి. ఇక్కడే పనితనం. తేమ 15 దాటితే లోపల ఆవిరి పుట్టి పెల్లెట్ పగుళ్లిచ్చి బయటికొస్తుంది, చేత్తో నలిపితే పొడైపోతుంది. 8 కంటే తగ్గితే పొడి జారక డైలో బిగుసుకుపోతుంది. డై 80, 90 డిగ్రీలకు వేడెక్కినప్పుడు కట్టెలోని లిగ్నిన్ మెత్తబడి జిగురులా పట్టుకుంటుంది, వేరే బంక కలపనక్కర్లేదు. బయటికొచ్చిన పెల్లెట్‌ను గాలితో చల్లార్చాకే సంచి కట్టాలి. వేడిగా కడితే చెమర్చి బూజు పడుతుంది. యంత్రం ఆపే ముందు నూనె కలిపిన పొట్టు కొంచెం తోలి డై నింపి ఆపాలి, లేకపోతే మర్నాడు గట్టిపడ్డ చిల్లులను ఒక్కొక్కటి డ్రిల్లు పెట్టి తీయాలి.

గంటకు టన్ను తీసే యంత్రానికి 90 కిలోవాట్ల మోటారు ఉంటుంది, ముక్కలు చేయడం దగ్గర్నుంచి అన్నీ కలిపి టన్నుకు 100 యూనిట్ల దాకా ఖర్చు. కిలోకు 3,600 కిలో క్యాలరీలిచ్చే ఆ టన్నును 20 శాతం సామర్థ్యమున్న చిన్న బాయిలర్‌లో కాలిస్తే 840 యూనిట్లు వస్తాయి. 35 శాతం ఉన్న పెద్ద థర్మల్ యూనిట్‌లో కాలిస్తే 1,465. అదే పెల్లెట్, అదే రైతు కట్టె.

అందుకే బయోమాస్, అంటే పంట, కట్టె వ్యర్థాలు కాల్చే కొత్త ప్లాంటు కంటే ఉన్న బొగ్గు ప్లాంటులో కలిపి కాల్చడం మేలు. కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబర్‌లో బొగ్గు ప్లాంట్లు 5 శాతం బయోమాస్ కలపాలని విధానం తెచ్చింది. 2023లో గడువు సవరించి 2024-25 నుంచి 5, తర్వాతి ఏడాది నుంచి 7 శాతం అంది. హన్మకొండ నుంచి 70 కిలోమీటర్ల లోపే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. రామగుండంలో ఎన్‌టీపీసీ 2,600తో పాటు తెలంగాణ ప్రాజెక్టు 1,600, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి 1,200. చెల్పూరు ఒక్కటే 80 శాతం లోడుతో నడిస్తే రోజుకు దాదాపు 13,700 టన్నుల బొగ్గు కావాలి. అందులో 5 శాతమంటే 680 టన్నుల పెల్లెట్లు, రోజుకు 700 ఎకరాల పత్తి కట్టె, ఏడాదికి రెండున్నర లక్షల ఎకరాలది. కొనేవాడికి కొదవ లేదు. జనవరి నుంచి మార్చి దాకా దొరికే సరుకును డిసెంబర్ దాకా పంచి ఇవ్వగల గోదాములకు కొదవ.

ప్లాంటు లోపల జాగ్రత్తలు కూడా చిన్నవి కావు. బొగ్గులో కంటే బయోమాస్‌లో ఆవిరయ్యే పదార్థం రెట్టింపు పైనే, త్వరగా అంటుకుంటుంది. బొగ్గు పొడి చేసే మిల్లులోకి పోయే గాలి వేడి తగ్గించకపోతే పెల్లెట్ పొడి మిల్లులోనే రాజుకుంటుంది. మిల్లు ఆపినప్పుడు లోపల సరుకు మిగలకుండా ఖాళీ చేయాలి. బెల్టుల మీద, మూలల్లో పేరుకున్న సన్న ధూళి ఒక నిప్పురవ్వకు పేలుతుంది. వానలో తడిసిన పెల్లెట్ ఊకలా విచ్చిపోతుంది కాబట్టి బొగ్గు యార్డులో ఆరుబయట పోయడానికి వీల్లేదు. 250 నుంచి 300 డిగ్రీల దగ్గర గాలి తగలకుండా వేయించి తీసే టొరిఫైడ్ పెల్లెట్‌కు ఈ బాధ తక్కువ. నీళ్లు పీల్చదు, బొగ్గులాగే నలుగుతుంది, ఖర్చే ఎక్కువ. వారణాసిలో ఎన్‌టీపీసీ ఊరి చెత్తనే ఈ పద్ధతిలో బొగ్గులా మార్చే ప్లాంటును రోజుకు 600 టన్నుల లెక్కన చేపట్టింది.

వరిగడ్డిని మాత్రం దూరం పెట్టడమే మంచిది. దానిలోని పొటాషియం, సిలికా కలిసి తక్కువ వేడికే కరిగి బాయిలర్ ఇసుకను ముద్ద చేస్తాయి, గొట్టాల మీద గాజు పూతలా పట్టుకుంటాయి. కట్టె జాతితో కొద్దిగా కలిపితే సరి, ఒంటరిగా పనికిరాదు. పశువులకు పెట్టడమే దానికి గౌరవం. ఊక మంచి ఇంధనమే, వంద కిలోల వడ్లకు 20 కిలోలు వస్తుంది, కానీ అది ఎన్నడూ వ్యర్థం కాదు. రైస్ మిల్లుల బాయిలర్లు, ఇటుక బట్టీలు ముందే మాట్లాడుకుని ఉంటాయి. మక్క బెండ్లు, కంది కట్టె, మిర్చి కట్టె పత్తి కట్టె బాటలోనే నడుస్తాయి.

తడి చెత్త దారి వేరు

తడి చెత్తను ఎండబెట్టి కాల్చాలనుకోవడం మజ్జిగను మరిగించి నెయ్యి తీయాలనుకోవడం. దాన్ని గాలి తగలని ట్యాంకులో కుళ్లబెడితే బయోగ్యాస్ వస్తుంది. వేరు చేసిన టన్ను తడి చెత్తకు 80 నుంచి 100 ఘనమీటర్లు, ఇంజనుకిస్తే 150 యూనిట్లకు అటూ ఇటూ. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు, వంటకు గ్యాస్ తీసే ప్లాంటు పెట్టారు. వరంగల్‌లోనూ కూరగాయల మార్కెట్, హోటళ్ల చెత్త ఇందుకు సరిపోతుంది. ట్యాంకులోకి ఒక్కసారిగా అన్నం, నిమ్మ, నారింజ తొక్కలు ఎక్కువ పోస్తే పులిసిపోయి గ్యాస్ ఆగుతుంది. అప్పుడు మేత ఆపి, సున్నం కొద్దిగా కలిపి, పేడనీళ్లతో మళ్లీ నడకకు తేవాలి.

వేబ్రిడ్జి దగ్గర

2012 అక్టోబర్‌లో వరంగల్‌లో వారం పాటు జరిగిన క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్‌లో ఇంటింటా తడి, పొడి వేరు చేయించి తెచ్చారు. జనానికి చేతకాదన్న మాట తప్పని అప్పుడే తేలిపోయింది. చేతకానిది ఒప్పందాలు రాసేవాళ్లకు. చెత్త ఎత్తే కాంట్రాక్టరుకు టన్ను లెక్కన డబ్బులిస్తే అతనికి నీళ్లు, మన్నే లాభం. మోరీ పూడిక బండెక్కేది అందుకే, వానలో టార్పాలిన్ కప్పనిదీ అందుకే. ఆర్‌డీఎఫ్‌కైనా పెల్లెట్‌కైనా వేబ్రిడ్జి పక్కనే చిన్న ఓవెన్, త్రాసు ఉండాలి. లోడులో అయిదారు చోట్ల నుంచి, అడుగు నుంచి కూడా, పిడికెడు పిడికెడు తీసి కలిపి, కిలో తూచి 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగే దాకా ఆరబెడితే తేమ ఎంతో తెలుస్తుంది. ఆరిన దాంట్లోంచి కొంచెం కాల్చి చూస్తే బూడిద ఎంతో తేలుతుంది. ఒప్పందంలో రాయాల్సిన వాక్యం ఇదొక్కటే: తేమ 20 శాతం దాటితే దాటిన ప్రతి శాతానికీ బిల్లులో కోత, 35 దాటితే లోడు వాపసు. నమూనా తీసేవాడు, తూచేవాడు, బిల్లు రాసేవాడు ముగ్గురూ వేర్వేరు మనుషులుగా ఉండాలి.